నీటిగుర్రం మింగిన పియానో

శనివారం పొద్దున్నే కూతురు ఒక అట్టపెట్టె చంకన పెట్టుకుని, చెప్పులైనా విప్పకుండా హాల్లోకి దూసుకొచ్చి, "దొరికాయి నాన్నా! పద్దెనిమిదీ దొరికాయి!" అని కేక పెట్టింది. ఆ సమయానికి పెద్దాయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే చెంప తెగేదే.

ఏం దొరికాయని ఆయన అడగలేదు. ఆ ఇంట్లో పద్దెనిమిది అంటే ఒకటే అర్థం. పైగా పెట్టె మీద బొమ్మ కనిపిస్తూనే ఉంది. గళ్ళ నిక్కరు తొడుక్కున్న నీటిగుర్రం, దాని నెత్తిన పియానో.

కూతురిది కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు సానబట్టే పని. ముందురోజు మధ్యాహ్నం భోజనం విరామంలో పక్క సందులోని పాత పుస్తకాల కొట్టుకి వెళ్ళిందట. అక్కడ అలమర అడుగున ఈ పెట్టె కనపడగానే ఎంత గట్టిగా అరిచిందంటే, కొట్టాయన ఏ పురుగో కుట్టిందనుకుని స్టూలెక్కేశాడట. ఇదంతా చెబుతూ తనే పగలబడి నవ్వుతోంది.

"మన కార్టూన్లే నాన్నా! మన క్యాసెట్టు బూజు పట్టి పోయాక మళ్ళీ ఈ జన్మలో చూడమనుకున్నాం కదా. బొమ్మంతా శుభ్రం చేసి డిస్కుల్లో వేశారు. మొదలూ ఉంది, చివరా ఉంది!"

"చివర కూడా ఉందా?" అన్నాడు పెద్దాయన.

"అదేగా మనకి లేనిది! అన్నయ్యకి ఫోన్ చేసేశాను. రేపు వాడికి డ్యూటీ లేదు. మూడింటికి అందరం ఇక్కడే కూర్చుని వరసపెట్టి పద్దెనిమిదీ చూస్తున్నాం. ప్లేయర్ కూడా తెచ్చా, ఇదిగో!"

పెద్దాయన పైప్రాణాలు పైనే పోయాయి. మొహానికి సబ్బు నురుగు ఉండబట్టి ఆ సంగతి కూతురికి తెలియలేదు.

ఎందుకంత కంగారో చెప్పాలంటే ఆయన ఉద్యోగం గురించి చెప్పాలి. ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. మోటారు వేయడం గొప్ప కాదు, ఎవడైనా వేస్తాడు. ట్యాంకు పొంగిపోకముందే ఆపడంలోనే ఉంది పనితనమంతా అని ఆయన నమ్మకం. గేజిలో ముల్లు ఎర్రగీతకి ఇంకా నాలుగు వేళ్ళ దూరంలో ఉండగానే స్విచ్ కట్టేసేవాడు. ఇంకాస్త నిండనివ్వచ్చు కదయ్యా అని పైఅధికారులు మొత్తుకున్నా వినలేదు. ఆయన హయాంలో ఒక్క చుక్క కూడా పొంగి బయటికి పోలేదు. ట్యాంకు నిండుగా ఉన్న రోజు కూడా ఒక్కటీ లేదు.

సరిగ్గా ఈ మనిషి చేతికే వీసీఆర్ వచ్చింది. ఉన్నది ఒకటే క్యాసెట్టు, మూడు గంటలది. టీవీలో పాతకాలం కార్టూన్లు వచ్చేది రోజూ నాలుగింటికి, పిల్లలు బడి నుంచి వచ్చేది అయిదింటికి. పెద్దాయనది పొద్దుటి షిఫ్టు కాబట్టి నాలుగింటికి ఇంట్లోనే ఉండేవాడు. పిల్లల కోసం రికార్డు చేసే బాధ్యత నెత్తిన వేసుకున్నాడు. కార్టూను అయిపోగానే సబ్బుల ప్రకటనలు వచ్చేవి. తన క్యాసెట్టులో ఒక్క ప్రకటన కూడా పడకూడదని ఆయన పంతం పట్టాడు. మిషను ముందు గొంతుక్కూర్చుని, బొత్తం మీద వేలు పెట్టి, తిరిగే అంకెల మీదే చూపు నిలిపి, ఇక పొంగుతుందేమో అనిపించగానే నొక్కేసి, ఆ ఊపులోనే టీవీ కూడా కట్టేసేవాడు. ప్రతి కార్టూనూ అరనిమిషం ముందే ఆగిపోయేది. ఎవరైనా ఒకసారి పొరపాటు చేసి రెండోసారి దిద్దుకుంటారు. ఈయన పద్దెనిమిది సార్లూ అదే చేశాడు.

మొట్టమొదటిది నీటిగుర్రం కార్టూను. పియానోని తాడు కట్టి ఏడో అంతస్తుకి లాగుతుంది. తాడు ఒక్కో పోగే తెగుతూ ఉంటుంది. ఆఖరి పోగు మిగిలింది, కింద నీటిగుర్రం రెండు చేతులూ చాపి నిలబడింది. అంతే, తెరంతా చుక్కలు చుక్కలు. ఏడేళ్ళ కూతురు గుక్కపెట్టి ఏడ్చింది. "పియానో మీద పడిందా? చచ్చిపోయిందా?" అని ఒకటే గోల. ఎంతకీ ఊరుకోదు.

"లేదమ్మా, నేను చూశాగా!" అనేశాడు పెద్దాయన. "నా చిన్నప్పుడు సినిమా హాల్లో అసలు సినిమాకి ముందు ఇవే వేసేవాళ్ళు. నీటిగుర్రం నోరు ఇంత బారున తెరిచి పియానోని గుటుక్కున మింగేస్తుంది. ఇక అప్పట్నుంచీ అది నోరు తెరిస్తే చాలు, సంగీతమే!" సోఫా దిండు పళ్ళతో పట్టుకుని, పొట్ట వాయించుకుంటూ, ఇల్లంతా తిరిగి చూపించాడు. పిల్ల నవ్వలేక నవ్వలేక నేల మీద దొర్లింది.

దాంతో ఇరుక్కుపోయాడు. ఒకటి చూసినవాడు మిగతావి చూడకుండా ఎలా ఉంటాడు? పద్దెనిమిదింటికీ పద్దెనిమిది ముగింపులు అల్లి, ఆడి చూపించాల్సి వచ్చింది.

ఇంతవరకే అయితే ఆయనకి ఈ రోజు ముచ్చెమటలు పట్టేవి కావు. నీటిగుర్రం వచ్చిన మర్నాడే బడి నుంచి కబురొచ్చింది. తొమ్మిదేళ్ళ కొడుకు, మందుల షాపాయన కొడుకు కొట్టుకున్నారు. నీటిగుర్రం పియానో మింగిందని వీడు, మింగలేదని వాడు. పెద్దాయన హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళేసరికి కొడుకు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ముందుపన్ను సగం విరిగిపోయింది.

హెడ్మాస్టరు కళ్ళజోడు సర్దుకుని, "ఇంతకీ మింగిందా, మింగలేదా?" అని విచారణ మొదలుపెట్టాడు.

కొడుకు తండ్రి వైపు చూశాడు. ఆ చూపు ముందు పెద్దాయనకి నిజం నోటికి రాలేదు. "మింగిందండీ, నా కళ్ళతో చూశాను" అన్నాడు. మందుల షాపాయన కొడుకు నోరు తెరిచాడు, వీడికేసి చూశాడు, మళ్ళీ నోరు మూసుకున్నాడు. హెడ్మాస్టరు వాడి చేత క్షమాపణ చెప్పించాడు.

ఆ కొడుకు ఇప్పుడు బస్సు డ్రైవరు. ఆరడుగుల మనిషి, నవ్వితే ముందుపన్ను సగమే కనిపిస్తుంది. ఆ పన్నుకి తొడుగు వేయించుకోరా అని ఎన్నిసార్లు చెప్పినా, "ఉండనీ నాన్నా" అంటాడు. వాడు నవ్విన ప్రతిసారీ పెద్దాయనకి లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. ఒక తండ్రి అబద్ధం కోసం పిల్లవాడు పన్ను పోగొట్టుకున్నాడు. ముప్పై రెండేళ్ళుగా కడుపులో దాచుకున్న ఆ సంగతి రేపు మూడింటికి, రంగుల్లో, పెద్ద తెర మీద బయటపడబోతోంది.

శనివారం మధ్యాహ్నం భార్య బజారుకెళ్ళగానే పెద్దాయన తలుపు గడియ వేసుకుని డిస్కు పెట్టాడు. అసలు ముగింపు ముందే తెలుసుకుంటే రేపు, 'ఆఁ, ఇప్పుడు గుర్తొచ్చింది' అని ఏదో ఒక కప్పదాటు వేయవచ్చని ఆయన ఎత్తు. కానీ ఊరందరికీ నీళ్ళు పంపిన మోటారుని నడిపిన మనిషి అరచేతిలో పట్టే రిమోటు ముందు ఓడిపోయాడు. ఏ భాష కావాలని తెర అడిగింది. ఏదో నొక్కాడు. ఆ తర్వాత అన్నీ ముక్కు మొహం తెలియని అక్షరాలే. నీటిగుర్రం మాత్రం రెండడుగులు కుడికి, రెండడుగులు ఎడమకి వేస్తూ, అదే పాటకి అదే గంతు, నలభై నిమిషాలు వేసింది. లోపలికి పోనివ్వదు, బయటికి రానివ్వదు.

"ఏమిటండీ ఆ గోల? వీధి మొదట్లోకి వినిపిస్తోంది!" అంటూ భార్య తలుపు బాదింది.

"దుమ్ము దులుపుతున్నానోయ్" అన్నాడు పెద్దాయన, గడియ తీసి, రిమోటుని తువ్వాలుతో తుడుస్తూ. ఆవిడ ఆయన్నీ, గంతులేస్తున్న నీటిగుర్రాన్నీ మార్చి మార్చి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆదివారం మూడింటికి పది నిమిషాలుందనగా ఇంట్లో కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే కొడుకు వచ్చాడు, కూతురు తెర ముందు కుర్చీలు సర్దుతోంది.

"అయ్యో! ఇప్పుడే పోవాలా!" అంది కూతురు.

"పక్కింట్లో ఫ్యాను తిరుగుతోందే" అన్నాడు కొడుకు కిటికీలోంచి చూసి. "మన ఫ్యూజే పోయినట్టుంది. నాన్నా, నువ్వొకసారి చూడు."

పెద్దాయన స్టూలెక్కాడు. కొడుకు స్టూలు పట్టుకున్నాడు. పెద్దాయన బోర్డుని అటు తట్టి ఇటు తట్టి, పెదవి విరిచి, "పెద్ద రిపేరేరా. రేపు గానీ అవదు. వచ్చే ఆదివారం చూద్దాంలే" అన్నాడు.

భార్య వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి స్టూలు పక్కన నిలబడి అరచెయ్యి చాపింది. "ఏమండీ, ఆ చొక్కా జేబులోది ఇలా ఇవ్వండి."

"ఏ జేబులోది?"

"బరువుకి జేబు కిందికి వేలాడుతోంది. ఇవ్వండి."

పెద్దాయన ఫ్యూజు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. పిల్లలిద్దరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. కూతురు నవ్వుతూ కుర్చీలో కూలబడి, "నాన్నా, ఏమిటిది? కార్టూన్లంటే భయమా నీకు?" అంది. పెద్దాయన తేలు కుట్టిన దొంగలా స్టూలు దిగాడు. తలనొప్పిగా ఉందన్నాడు. భార్య మాత్ర, మంచినీళ్ళూ క్షణంలో తెచ్చి ఇచ్చింది. ఇక తప్పించుకునే దారి లేదు.

కార్టూను మొదలైంది. మొదలవుతూనే అన్నాచెల్లెళ్ళు ఒకటే అరుపులు. అరిగిపోయిన క్యాసెట్టులో ఆ గళ్ళ నిక్కరు బూడిదరంగులో కనిపించేది. ఇప్పుడు చూస్తే ఎరుపు, పసుపు! మూడో అంతస్తులో కిటికీలో ఏదో మరక అనుకున్నది నిద్రపోతున్న పిల్లి! "నీటిగుర్రానికి కనుబొమలున్నాయే!" అని కూతురు కుర్చీ మీదికెక్కింది. ఒక్కో ముక్కా ఇద్దరికీ కంఠతా వచ్చు. "ఇప్పుడు మెట్ల మీద సబ్బుముక్క!" అంటాడు కొడుకు. నీటిగుర్రం సర్రున జారుతుంది. "ఇప్పుడు ముసలావిడ గొడుగు!" అంటుంది కూతురు. ఢాం అని గొడుగు పడుతుంది. నలభై ఏళ్ళు వచ్చినవాళ్ళు ఒకళ్ళ భుజం ఒకళ్ళు గుద్దుకుంటూ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

పెద్దాయన మాత్రం కుర్చీ అంచున కూర్చున్నాడు. తాడు తెగడం మొదలైంది. ఒక పోగు. రెండో పోగు. కొడుకు నవ్వుతున్నాడు, సగం పన్ను కనిపిస్తోంది. మూడో పోగు. ఆఖరి పోగు మిగలగానే పెద్దాయన లేచి, రెండు చేతులూ బార్లా చాపి, తెరకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆపండి! ఆపు చిట్టీ!"

కూతురు ఉలిక్కిపడి బొమ్మ ఆపేసింది.

"నేను చూళ్ళేదురా" అన్నాడు పెద్దాయన కొడుకు వైపు తిరిగి. "సినిమా హాల్లో చూశానని చెప్పింది శుద్ధ అబద్ధం. మింగిందో లేదో నాకు తెలీదు. మిగతా పదిహేడూ అంతే. చివర్లే కాదు, మొదళ్ళు కూడా సరిగ్గా చూళ్ళేదు. అవి వస్తున్నంతసేపూ నేను చూసింది ఆ మిషను మీద అంకెల్నే. ఎక్కడ పొంగిపోతుందో అని అదే ధ్యాస. చిట్టి ఏడుస్తుంటే నోటికొచ్చింది చెప్పేశాను. హెడ్మాస్టరు ముందు కూడా అదే చెప్పాను. నీ పన్ను నా మూలంగానే పోయిందిరా. ముప్పై రెండేళ్ళ నుంచీ చెబుదామనుకుంటూనే ఉన్నాను."

అప్పుడు కొడుకు నవ్వడం మొదలుపెట్టాడు. కుర్చీ కిర్రుకిర్రుమంటోంది, వాడు ఆపుకోలేకపోతున్నాడు.

"నాకు తెలుసు నాన్నా."

"ఏం తెలుసు?"

"మింగదని. నేను చూశాను. నువ్వు ఇక్కడ రికార్డు చేస్తున్న రోజునే, అదే నాలుగింటికి, మందుల షాపు వాళ్ళింట్లో చూశాను. నేనూ వాడూ ఆఖరి పీరియడ్ ఎగ్గొట్టి వెళ్ళాం. పక్కపక్కనే కూర్చుని చూశాం."

"ఎగ్గొట్టా?" అంది తల్లి.

"ఆగమ్మా. అయిదింటికి ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చాను. నువ్వు దిండు నోట్లో పెట్టుకుని పొట్ట వాయించుకుంటూ తిరిగావు. ఇది ఏడుపు ఆపేసి నేల మీద దొర్లింది. నిజం చెబుతున్నా నాన్నా, అసలు దానికన్నా నీదే బాగుందనిపించింది. మర్నాడు బళ్ళో అందరికీ నీదే చెప్పాను. వాడు నా మొహం చూసి, 'అదేమిట్రా, నువ్వు నా పక్కనే కూర్చుని చూశావుగా!' అన్నాడు. ఇక ఏం చేస్తాను? కొట్టాను."

హెడ్మాస్టరు గదిలో మందుల షాపాయన కొడుకు నోరు తెరిచి ఎందుకు మూసుకున్నాడో పెద్దాయనకి ఇప్పటికి అర్థమైంది. వాడు నిజం చెబితే బడి ఎగ్గొట్టిన సంగతి బయటికొస్తుంది.

"తెలిసి తెలిసి కొట్టుకున్నావా?" అన్నాడు.

"మరి మా నాన్న చెప్పింది తప్పంటే ఊరుకుంటానా?" అన్నాడు కొడుకు.

పెద్దాయన కళ్ళు చెమ్మగిల్లాయి. కొడుకు తల మీద చెయ్యి వేశాడు. అంతలో కూతురు రిమోటుతో కుర్చీ చేతిని టకటకా కొట్టడం మొదలుపెట్టింది.

"అంటే ఈ ఇంట్లో ముప్పై రెండేళ్ళుగా నా ఒక్కదానికే తెలీదా? మా దుకాణంలో అందరికీ చెప్పాను! నా పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను, నీటిగుర్రం పియానో మింగుతుందని! అమ్మా, నీకైనా తెలుసా?"

"మొదటి రోజే తెలుసు" అంది తల్లి, నిమ్మకు నీరెత్తినట్టు. "ఈయన పుట్టి పెరిగిన ఊళ్ళో సినిమా హాలెక్కడేడిచింది? పెళ్ళయ్యాక మొదటి సినిమాకి నేనే తీసుకెళ్ళాను. తెర వెనక మనుషులున్నారేమోనని వెళ్ళి చూసొచ్చాడు."

అన్నాచెల్లెళ్ళకి మళ్ళీ నవ్వు ముంచుకొచ్చింది. పెద్దాయన కూడా నవ్వబోయాడు గానీ వెంటనే తేరుకుని తెరకేసి చూశాడు. ఆఖరి పోగు, గాల్లో పియానో, కింద చేతులు చాపిన నీటిగుర్రం.

"ఇంతకీ ఏమవుతుందిరా?"

"ఏం లేదు నాన్నా, పియానో వచ్చి..."

"చెప్పకు!" పెద్దాయన రెండు చెవులూ మూసుకున్నాడు. "నాకు తెలీదు. నన్ను చూడనివ్వండి." నాకు తెలీదు అనడంలో ఇంత హాయి ఉందని ఆయనకి డెబ్బై మూడో ఏట తెలిసింది. గబగబా కుర్చీ లాక్కుని అందరికన్నా ముందు, తెరకి బెత్తెడు దూరంలో కూర్చున్నాడు. కూతురు వెనక్కి జరగమన్నా జరగలేదు.

బొమ్మ కదిలింది. తాడు పుటుక్కుమంది. పియానో దిగుతోంది, దిగుతోంది, దిగుతోంది. నీటిగుర్రం కళ్ళు గట్టిగా మూసుకుంది. పెద్దాయన కూడా మూసుకుని, వెంటనే ఒక కన్ను తెరిచాడు. పియానో సరిగ్గా దాని నెత్తికి అంగుళం ఎత్తులో, గాల్లోనే ఆగిపోయింది. దాని మూత తెరుచుకుంది. లోపలి నుంచి రాత్రి టోపీ పెట్టుకున్న చిన్న ఎలుక ఆవులిస్తూ బయటికొచ్చింది. జేబులోంచి చీటీ తీసి చదివింది. నీటిగుర్రం భుజం తట్టి, చూపుడువేలితో వీధికి అవతలి పక్క మేడ చూపించింది. దానికి ఇరవై అంతస్తులు. ఎలుక మళ్ళీ లోపలికెళ్ళి మూత వేసుకుంది. నీటిగుర్రం నిక్కరు పైకి లాక్కుని పియానో నెత్తికెత్తుకుంది.

పెద్దాయన నోట్లోంచి ముందు ఒక కీచుమన్న శబ్దం వచ్చింది. తర్వాత మొదలైంది నవ్వు. తొడ చరుచుకుని నవ్వాడు, వంగిపోయి నవ్వాడు, "ఎలుక! టోపీ!" అంటూ కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుని నవ్వాడు. భార్య లేపబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని, "అవతలి మేడట!" అని ఆవిడకే కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ కూడా పక్కనే కూలబడింది.

కార్టూను అయిపోయి తెర ఆగిపోయింది. పిల్లలిద్దరూ తెర సంగతి మర్చిపోయి తండ్రినే చూస్తున్నారు. ఆయన కార్టూను చూసి నవ్వడం వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

"నా మొహంలో ఏముందని చూస్తున్నారు?" అన్నాడు పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకా పదిహేడున్నాయి. తర్వాతది వెయ్యి."